స్టాఫర్డ్ టెర్రస్‌లోని 18వ నంబరు ఇల్లు

లండన్ నగరం కెన్సింగ్టన్ ప్రాంతంలోని స్టాఫర్డ్ టెర్రస్‌లో 18వ నంబరు ఇల్లు 1870ల తొలినాళ్లలో కట్టినది. ఇరుపక్కల ఇళ్లతో గోడలు కలిసి, వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువగా ఉండే వరస ఇళ్లలో అదొకటి. వంటిల్లు నేలమాళిగలో, భోజనాల గది వీధి అంతస్తులో, అతిథులు కూర్చునే గది ఆ పైన, పడకగదులు ఇంకా పైన. నాటి మధ్యతరగతి ఇళ్ల అమరిక ఇంచుమించు ఇదే.

'పంచ్' హాస్యపత్రికకు కార్టూన్లు గీసే ఎడ్వర్డ్ లిన్లీ సాంబోర్న్, భార్య మారియన్‌తో 1875లో ఈ ఇంట్లో కాపురం పెట్టాడు. గోడలకు విలియం మారిస్ కాగితాలు అంటించారు. నీలం-తెలుపు పింగాణీ సామాను పేర్చారు. కిటికీలకు రంగుటద్దాలు బిగించారు. తరవాత ఖరీదైన ఉబ్బెత్తు కాగితం తెచ్చినప్పుడు, పటాల వెనక కనబడని చోట పాతదాన్నే ఉంచేశారు. ఆ పొదుపు వల్లే మొదటి కాగితం ముక్కలు మిగిలాయి. బొమ్మలకు నమూనాగా సాంబోర్న్ వేలాది ఫొటోలు తీసేవాడు. వాటిని కడగడానికి స్నానాల గదే చీకటి గది.

1910లో సాంబోర్న్, 1914లో మారియన్ మరణించాక ఇల్లు కొడుకు రాయ్‌కి దక్కింది. బ్రహ్మచారి అయిన రాయ్ 1946లో చనిపోయేదాకా పెద్దగా ఏమీ మార్చలేదు. తరవాత అది అతని అక్క మాడ్‌కు, ఆమె నుంచి కూతురు ఆన్‌కు వచ్చింది. విక్టోరియా కాలపు అలంకరణ అంటే జనం మొహం చిట్లించే రోజులవి. అలాంటి ఇళ్లను వరసగా కూలుస్తున్నారు. వాటి రక్షణకు ఒక సంఘం కావాలన్న ఆలోచనతో 1957లో ఆన్ ఈ ఇంట్లోనే సమావేశం ఏర్పాటు చేసింది. కవి జాన్ బెట్జమన్, కళాచరిత్రకారుడు నికొలస్ పెవ్స్‌నర్ వంటివారు కలిసిన విక్టోరియన్ సొసైటీ అలా పుట్టింది.

1980లో గ్రేటర్ లండన్ కౌన్సిల్ ఇంటిని సామానుతో సహా కొనడంతో అది మ్యూజియమైంది. కౌన్సిల్ రద్దయ్యాక కెన్సింగ్టన్-చెల్సీ బరో అధీనంలోకి వచ్చింది. 1877 నాటి సామాను జాబితా, మారియన్ దినచర్య పుస్తకాలు, సాంబోర్న్ ఫొటోలు నిలిచి ఉండటం వల్ల ఏ వస్తువు ఏ గదిదో, దాన్ని ఎలా వాడేవారో మరమ్మతుల వేళ ఊహించాల్సిన పని చాలావరకు తప్పింది.