పది పేజీల తెలుగు

పరిశ్రమ పెట్టేముందు ఆ ఊరి జనాన్ని అడిగి తీరాలన్న నియమం మన దేశంలో మొదటి నుంచీ లేదు. పర్యావరణ ప్రభావ అంచనా 1994లో తప్పనిసరైంది. ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కావడానికి 1997 ఏప్రిల్ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ప్రాజెక్టు సారాంశాన్ని ఇంగ్లిషుతోపాటు స్థానిక భాషలోనూ ఇవ్వాలన్న షరతు అప్పుడే పుట్టింది. 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ఆ సారాంశం పది పేజీలు దాటకూడదంది, జనం స్పందించడానికి కనీసం 30 రోజులు గడువిమ్మంది. ఏ భాషలో ఉండాలో, ఎంత పొడవుండాలో చెప్పిన ఈ నోటిఫికేషన్ సామాన్యుడికి అర్థమయ్యేలా రాయాలన్న షరతు మాత్రం పెట్టలేదు. అమెరికాలో పర్యావరణ ప్రభావ నివేదికలను తేలిక భాషలో రాయాలని 1978లోనే నిబంధన తెచ్చారు. ఆ లోటు మన దగ్గర ఇంకా అలాగే ఉంది.

ఉద్గారాలు, పరిసర వాయు నాణ్యత, ఉపశమన చర్యలు అంటూ సాగే పేజీ తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన రైతుకు చేరదు. సున్నపురాయి గని పక్కన కందో మిరపో వేసుకున్న మనిషికి కావలసిన సంగతులు వేరు. రోజుకు ఎన్ని లారీలు, ఏ దారిన పోతాయి? దుమ్ము ఏ కాలంలో ఎటు కొడుతుంది? గనిలో ఊరే నీటిని తోడేస్తే ఊరి బోర్లు ఏమవుతాయి? పేలుళ్లు ఏ వేళల్లో? ఇవి తెలియని మనిషి ప్రజాభిప్రాయ సేకరణ సభలో ఉద్యోగాల గురించి తప్ప దేని గురించి అడగగలడు? తేలిక చేస్తే శాస్త్రీయమైన కచ్చితత్వం పోతుందని కొందరి అభ్యంతరం. నిపుణుల కోసం పూర్తి నివేదిక ఎలాగూ ఉంటుంది. పైగా ‘స్వల్ప ప్రభావం’ అనేదానికంటే రోజుకు ఇన్ని లారీలు అని అంకె చెప్పడమే కచ్చితం. క్లిష్టమైన భాష చాలాసార్లు కాపాడేది అస్పష్టతనే.

2020లో పర్యావరణ ప్రభావ అంచనాపై కొత్త ముసాయిదా నోటిఫికేషన్ ఇంగ్లిషు, హిందీల్లోనే వచ్చినప్పుడు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషలన్నిటిలోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. కేంద్రం దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లింది. భాష కోసమే ఇంత పోరాటమైతే, స్పష్టత వంతు ఎప్పుడొస్తుంది?

సభలో కంపెనీ ప్రతినిధి నోటిమాటగా వివరిస్తాడు కదా అనవచ్చు. నిజమే, వివరించాలి. కానీ 30 రోజుల గడువు ఇచ్చింది ముందే చదివి, నలుగురితో చర్చించి, ప్రశ్నలు సిద్ధం చేసుకోవడానికి. సభలో విన్నదానికి ఆ గంటలోనే జవాబు వెతుక్కోమనడం ఆ గడువును రద్దు చేయడమే. 2006 నోటిఫికేషనే సభ ముగింపులో నమోదైన అభిప్రాయాలను స్థానిక భాషలో చదివి వినిపించి, అందులోని విషయాన్ని వివరించాలని చెబుతుంది. జనం అన్న మాటలకు ఉన్న ఆ వివరణ హక్కు, జనానికి ఇచ్చే పది పేజీలకూ దక్కాలి.