పల్నాటి చరిత్ర రచనలో క్షేత్ర పరిశీలన: డిగ్రీ విద్యార్థి పరిశోధనకు గల అవకాశాలు

ప్రవేశిక

డిగ్రీ స్థాయిలో మానవీయ శాస్త్రాల విద్యార్థి పరిశోధన చేయగలడా అన్న సందేహం విద్యారంగంలో తరచు వినవస్తుంది. ఈ ప్రశ్నకు పల్నాటి చరిత్ర రచనా క్రమమే సమాధానమిస్తుంది. ఈ ప్రాంత చరిత్రకు కీలకమైన ఆధారాలు కొన్ని వృత్తి చరిత్రకారులు కానివారి క్షేత్ర పరిశీలన ద్వారానే వెలుగులోకి వచ్చాయి.

నాగార్జునకొండ

1926లో స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య నాగార్జునకొండ లోయలో ఒక ప్రాచీన స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలియజేశారు. ఆ సమాచారం ఆధారంగా శాసన పరిశోధకులు అక్కడికి వెళ్ళారు. 1927–31 మధ్య లాంగ్‌హర్స్ట్ జరిపిన తవ్వకాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అవశేషాలు బయటపడ్డాయి. నాగార్జునసాగర్ నిర్మాణం నిశ్చయమయ్యాక 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన విస్తృతమైన తవ్వకాలు సాగాయి. అనంతరం లోయ జలాశయంలో మునిగిపోయింది. ముంపునకు ముందు నమోదైన వివరాలే నేటి పరిశోధకులకు ప్రధానాధారం.

వీరగాథ: లిఖితం, మౌఖికం

అక్కిరాజు ఉమాకాంతం 1911లో శ్రీనాథ కృతంగా ప్రసిద్ధమైన ‘పల్నాటి వీరచరిత్ర’ను పరిష్కరించి ప్రకటించారు. అప్పటికి ఆయన ఇరవైల తొలినాళ్ళలో ఉన్నారు. ఈ ముద్రిత పాఠానికి సమాంతరంగా కారెంపూడిలో వీరుల ఆరాధన, వీరవిద్యావంతుల గానం కొనసాగుతున్నాయి. ఏటా కార్తీకమాసపు చివర మొదలయ్యే ఉత్సవాలలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు ఘట్టాలు వరుసగా సాగుతాయి. గాయకుడు అలిశెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రాగైర్ ఆంగ్లంలోకి అనువదించి 1982లో ప్రకటించారు. అయితే అది ఒక గాయకుని పాఠం. మౌఖిక కావ్యానికి ఏ ఒక్క పాఠమూ అంతిమం కాదు. గాయకుడు మారితే ఘట్టాల విస్తృతి, పాత్రల ప్రాధాన్యం మారుతాయి. ఆ భేదాలను నమోదు చేయకపోతే గాయకునితోపాటే అతని పాఠమూ అంతరిస్తుంది.

పాఠ్యప్రణాళిక కల్పించిన అవకాశం

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 విద్యాసంవత్సరం నుంచి అమలైన డిగ్రీ పాఠ్యప్రణాళిక సామాజిక సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేసి, 180 గంటలు కేటాయించింది. ఈ వ్యవధిని కేవలం ప్రశ్నావళి పూరించడానికి వెచ్చిస్తే గ్రామం గణాంకంగానే మిగులుతుంది. 180 గంటలలో మొత్తం వీరగాథ సేకరణ అసాధ్యమే కాని, కోడిపోరు వంటి ఒక్క ఘట్టాన్ని ఇద్దరు గాయకుల నుంచి సేకరించడం సాధ్యం. గాయకుని అనుమతి, స్థలం, తేదీ నమోదు చేయడం, మాండలిక రూపాలను సవరించకుండా లిప్యంతరీకరించడం, ముద్రిత పాఠంతో పోల్చడం, ధ్వనిముద్రణ ప్రతిని గాయకునికి అందజేయడం ఇందులోని దశలు. వీటిలో ప్రతి దశా పరిశోధన పద్ధతిలో శిక్షణయే.

ముగింపు

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల కళాశాలలు తమ విద్యార్థులు సేకరించిన పాఠాలను గ్రంథాలయాలలో భద్రపరచగలిగితే జిల్లా చరిత్రకు స్థానిక ఆధార భాండారం సమకూరుతుంది. సూరపరాజు వెంకటరామయ్య చేసినది తవ్వకం కాదు. చూసినదాన్ని గుర్తించి, తెలియవలసినవారికి తెలియజేయడం. డిగ్రీ విద్యార్థి పరిశోధనకు తొలి మెట్టు అదే.