ఏలూరు మూర్ఛలు: సీసం మీద పడ్డ అనుమానం

2020 డిసెంబరు 5 సాయంత్రం ఏలూరు వన్ టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి పడిపోసాగారు. నోట నురగ, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, కాసేపు స్పృహ లేకపోవడం. చాలామంది కొద్ది గంటల్లోనే తేరుకున్నారు. వారం రోజుల్లో బాధితులు 600 దాటారు, ఒకరు మరణించారు. అంటువ్యాధి కాదని త్వరలోనే తేలింది. మరి ఏమిటది?

ఢిల్లీ ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. వెంటనే అందరి చూపూ సీసం మీద పడింది. దానికున్న చరిత్ర అలాంటిది మరి! ఫ్రెంచి వైద్యుడు తాంక్రెల్ డి ప్లాన్ష్ సుమారు 1,200 మంది సీసం రోగులను పరిశీలించి, అది మెదడుకెక్కితే మూర్ఛలు వస్తాయని 1839లోనే రాశాడు. మీ ఎముకల్లో ఉండే కాల్షియం వేషం వేసుకుని సీసం నాడీకణాల్లో దూరుతుంది, సంకేతాలను తారుమారు చేస్తుంది. మోతాదు మరీ మించితే మెదడు వాస్తుంది.

2010లో నైజీరియాలోని జంఫారాలో జరిగింది అదే. సీసం కలిసిన బంగారు ఖనిజాన్ని పల్లెల్లోనే పిండిమరల్లో పట్టారు. ఆ ధూళి ఒంట్లో చేరిన పిల్లలకు ఫిట్స్ వచ్చాయి. మొదట మలేరియా అనుకున్నారు. అందుకు వాళ్లను తప్పు పట్టలేం. మన పొరుగున బస్తర్‌లోనైనా పిల్లవాడికి జ్వరంతో ఫిట్స్ వస్తే డాక్టరు ముందు వెతికేది మలేరియానే. రక్తపరీక్షలు చేశాకే సీసం బయటపడింది. 400 మందికి పైగా పిల్లలు బలయ్యారు.

ఇప్పుడు ఏలూరును దాని పక్కన పెట్టి చూడండి. సీసం సాధారణంగా వారాలూ నెలలూ పోగుపడి దెబ్బ తీస్తుంది, అదీ ముందుగా పసిపిల్లలను. ఏలూరులో పిల్లలూ పెద్దలూ ఒకేసారి పడిపోయారు, గంటల్లో లేచి కూర్చున్నారు. పాత బ్యాటరీలు, రంగుల పుణ్యమా అని మనలో చాలామంది రక్తంలో ఎంతో కొంత సీసం ఉంటుంది. ఉన్నంత మాత్రాన అదే దోషి కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు రోగుల రక్తంలో ట్రయజోఫాస్ అనే పురుగుమందును గుర్తించారు. ఇది ఆర్గానోఫాస్ఫేట్. నాడుల మధ్య సందేశం మోసే అసిటైల్‌కోలిన్‌ను పని కాగానే విరగ్గొట్టే ఎంజైమును ఇది కట్టిపడేస్తుంది. సందేశం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఫలితం, మూర్ఛ.

దోషి మారితే వైద్యమూ మారుతుంది. సీసానికైతే దాన్ని పట్టుకుని మూత్రంలోకి లాగే మందులు కావాలి. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి అట్రోపిన్. ఏలూరులో ఆ పురుగుమందు నీటి ద్వారా వచ్చిందా, కూరగాయల ద్వారానా అన్నది మాత్రం తిరుగులేకుండా రుజువు కాలేదు.