హి (జపనీస్ అక్షరం)

జపనీస్‌లో ‘హి’ అనే ఒక్క అక్షరానికి సూర్యుడు, రోజు, నిప్పు అనే అర్థాలున్నాయి. రాతలో చిక్కు లేదు: మొదటి రెంటికీ ఒకే కంజి (జపనీస్ రాతలో వాడే చైనా లిపి అక్షరం), నిప్పుకు వేరొకటి. మాటలో తేడా తెలిపేది స్వరస్థాయి. టోక్యో ఉచ్చారణలో కర్తను సూచించే ‘గ’ ప్రత్యయం చేరితే, నిప్పు అన్నప్పుడు ‘హి’ పైస్థాయిలో పలికి ‘గ’ దిగుతుంది. సూర్యుడు అన్నప్పుడు ‘హి’ కిందిస్థాయిలో మొదలై ‘గ’ పైకి లేస్తుంది. ప్రత్యయం లేకుండా విడిగా పలికితే ఈ భేదం దాదాపు వినిపించదు, అప్పుడు సందర్భమే దిక్కు.

అన్నిటికంటే ఆసక్తికరమైనది వీటి చరిత్ర. సూర్యుడు (రోజు), నిప్పు అనే ఈ రెండు మాటలూ మొదట ఒకేలా పలికేవి కావు. 8వ శతాబ్దపు రాతల్లో ఒక్కోదానికి వేరే వర్గపు అక్షరాలు వాడారు; ఆ ధ్వనిభేదం తర్వాత చెరిగిపోయింది. ఇప్పుడు పలుకు ఒకేలా ఉన్నా, సమాసాల్లో అర్థం తేటపడుతుంది: ‘అసాహి’ ఉదయసూర్యుడు, ‘హనా’ (పువ్వు)తో నిప్పు కలిస్తే ‘హి’ ‘బి’గా మారి ‘హనాబి’, అంటే బాణసంచా.