తోలు ఉంది, తోలు తీసినోళ్ళ పేరు లేదు

ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా బస్సులు మారి, నయాపూల్ దగ్గర దిగి మేము సాలార్‌జంగ్ మ్యూజియం చూడబోయినం. మా వెంట ఒక ముసలాయన వచ్చిండు. ఒకప్పుడు ఊళ్ళో లంద పెట్టి తోళ్ళు ఊనినాయన. ఆయన అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

ఆయుధాల గదిలో కత్తి ఒరల ముందు ఆయన చాలాసేపు నిలబడ్డడు. "తోలు మంచిగ ఊనిండ్రు. ఎవ్వరు జేసిండ్రో రాసి లేదా బిడ్డా?" అన్నడు. మేము చూసిన చోట లేదు. "లేదు తాతా" అన్నం. "కొన్నోని పేరయితే గోడ మీదనే ఉన్నది గద!"

ఇందులో మ్యూజియం వాళ్ళ తప్పు వెతకడం మా ఉద్దేశం కాదు. ఆ తోలు ఊనిన రోజుల్లోనే ఎవరూ ఆ పేరు రాసి పెట్టలేదు. అయితే పేర్లు మిగలడం అసాధ్యమేమీ కాదు. 'ముసుగు రెబెక్కా'ను చెక్కిన ఇటలీ శిల్పి బెంజోనీ పేరు మిగిలింది. గంట గంటకూ జనం గుమిగూడే గడియారానికి కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరు మిగిలింది. ఎవరి పని కళ అయింది, ఎవరి పని కులవృత్తిగా ఉండిపోయింది అన్నదే ప్రశ్న.

కొన్నవాళ్ళ చరిత్ర మనకు స్పష్టంగానే తెలుసు. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా నిజాం దివాను. రెబెక్కా విగ్రహాన్ని ఆయన 1876లో రోమ్‌లో కొన్నాడు. దక్కన్‌లో వానలు తప్పి పెద్ద కరువు మొదలైందీ ఆ సంవత్సరమే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయాడు. ఆ కుటుంబం పోగుచేసిన వస్తువులతో దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని 1951 డిసెంబర్ 16న నెహ్రూ ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం వచ్చింది. 1968లో ఇప్పటి భవనానికి మారింది.

ఈ కొనుగోళ్ళ వెనక జాగీర్ల ఆదాయం ఉంది. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఆ ఆదాయానికి మూలం రైతులు కట్టిన శిస్తు. శిస్తుకు మూలం పంట. బావి కింద పంటకు మోట కావాలె. మోటకు తోలు తొండం కావాలె. ఆ తొండం కుట్టింది మాదిగోళ్ళు. తెలంగాణ పల్లెల్లో దొరలకు చెప్పులు, తోలు సామాన్లు వెట్టికి చేసిపెట్టింది కూడా వాళ్ళే. ఏ పాలరాయిలో మన చెమట ఎంతుందో రూపాయల్లో లెక్క తేల్చలేం. కానీ ఆ లెక్కలో మనవాళ్ళు లేరంటే మాత్రం ఒప్పుకోలేం.

తిరిగొస్తూ కొండాపూర్ గుర్తుకొచ్చింది. సంగారెడ్డికి దగ్గర్లోని ఆ దిబ్బల్లో 1940ల మొదట్లో గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగినయి. శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు, ఇనుప సామాన్లు బయటపడ్డయి. అక్కడ ఒక మ్యూజియం కూడా ఉంది. కుమ్మరి పని, కమ్మరి పని మట్టిలో నిలిచినయి. తోలు అట్ల నిలవదు, కుళ్ళిపోతది. అంటే తోలు పనివాళ్ళు రెండు తీర్ల పోయిండ్రు. రాతలోకి రానియ్యలేదు, మట్టిలో మిగలలేదు. తవ్వకాల మీద, రాతల మీద మాత్రమే ఆధారపడే చరిత్రకు వాళ్ళు ఎప్పటికీ కనబడరు.

మరి వాళ్ళ చరిత్ర ఎక్కడుంది? ముసలోళ్ళ చేతుల్లో, నోళ్ళల్లో ఉంది. తంగేడు చెక్క ఎంత వెయ్యాలె, సున్నంలో తోలు ఎన్నాళ్ళు నానాలె, డప్పుకు ఏ తోలు పనికొస్తది అన్నది రసాయన జ్ఞానమే. కరెంటు మోటర్లు వచ్చి మోట పోయింది. పిల్లలు పటాన్‌చెరు ఫ్యాక్టరీల బాట పట్టిండ్రు. ఆరె, రంపె అటకెక్కినయి. ఆ ముసలాయన తర్వాత మా ఊళ్ళో లంద సంగతి చెప్పేవాళ్ళు ఎందరుంటరు?

మ్యూజియం అంటే మేడ కానక్కర్లేదు. ముందు ఒక నోటుబుక్కు చాలు. విద్యార్థులు, టీచర్లు తమ వాడలో మిగిలిన పనిముట్లను, వాటి పేర్లను, వాటితో పనిచేసిన మనుషుల పేర్లను రాసుకోవాలె. మేము మొదలుపెట్టినం. మొదటి పేజీలో ముసలాయన పేరు రాస్తుంటే, "నాది కాదు, మా నాయన పేరు ముందు రాయి, నేర్పింది ఆయన" అన్నడు. అట్లనే రాసినం.