సురభి బాబ్జీ

సురభి బాబ్జీ అను వ్యవహారనామముతో ప్రసిద్ధుడైన రేకందార్ నాగేశ్వరరావు తెలుగు రంగస్థల దర్శకుడు, నటుడు, 1937లో వెలసిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలికి చిరకాలము సారథ్యము వహించినవాడు. ఇతనికి 2011 సంవత్సరపు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 2013లో పద్మశ్రీ బిరుదమును లభించినవి. 2022లో దివంగతుడయ్యెను.

వంశము

బాబ్జీ దర్శకత్వమును గూర్చి చెప్పబూనినచో ముందుగా అతని ఇంటిని గూర్చి చెప్పవలసియుండును. ఏలయన, అతని సురభి నాటకకుటుంబమున దర్శకుడును కుటుంబపు పెద్దయు వేర్వేరు వ్యక్తులు కారు. మహారాష్ట్రమునుండి దక్షిణమునకు వలసవచ్చి, తోలుబొమ్మలాట వృత్తిగా ఊరూర తిరుగుచు, ఇంట మరాఠీ మాటలాడుకొనుచు, తెరమీద మాత్రము తెలుగున రామాయణ భారతములను ఆడించుచుండిన వారి సంతతివారు, 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున, వనారస గోవిందరావు ప్రభృతుల పూనికతో, బొమ్మలను ప్రక్కనుంచి తామే వేషములు ధరించి ‘కీచకవధ’ను ప్రదర్శించిరి. ఆ గ్రామనామమే వంశమునకు బిరుదమై, కాలక్రమమున ఆ కుటుంబమునుండి ముప్పదికి పైగా సమాజములు బయలువెడలినవి. నేడు మిగిలినవి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే.

స్త్రీపాత్రలను పురుషులే ధరించుచుండిన కాలమున ఇంటి ఆడవారిని రంగమెక్కించుట సురభివారు చేసిన సాహసములలో మొదటిది. 1932లో విడుదలయిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి పాత్రకు సురభి కమలాబాయి లభించుటకు ఈ సాహసమే దారితీసెననవచ్చును. అదే సినిమా పిమ్మట నాటకశాలల ప్రేక్షకులను తనవైపు త్రిప్పుకొన్నది.

దేశదిమ్మరులైన ఈ కుటుంబములలో పలువురికి హైదరాబాదు శివారున, శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఏర్పడుటతో, వారు రంగారెడ్డి జిల్లావాసులైరి. ఈ సీమకు ఇట్టి అతిథులు క్రొత్త కాదు. జిల్లాకు మరియొక వైపున నున్న ఇబ్రహీంపట్టణము ఏ ప్రభువు పేర వెలసినదో ఆ ఇబ్రహీం కుతుబ్‌షా, విజయనగరమున ఏడేండ్లు తలదాచుకొని తెలుగు కవిత్వమున రుచి మరిగి, గోలకొండ సింహాసనమెక్కిన పిదప మల్కిభరాముడని కవులచే పిలిపించుకొని, అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’నకు కృతిభర్త యయ్యెను. అట్టి నేలపై ఒక మరాఠీ కుటుంబము తెలుగు పద్యనాటకమును కాపాడుచుండుట వింతగా తోచదు.

కళాదృష్టి

బాబ్జీకి వారసత్వముగా వచ్చినది ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’, ‘భక్తప్రహ్లాద’, ‘శ్రీకృష్ణలీలలు’ మొదలగు నాటకములతోపాటు, వానిని ఆడించు యంత్రాంగము కూడ. పారసీ కంపెనీలనుండి దక్షిణదేశమునకు ప్రాకిన చిత్రితమైన తెరలు, ప్రక్కరెక్కలు, క్షణములో రాజసభ అడవిగా మారు రంగాలంకరణ, తీగెమీద మేఘమార్గమున దిగు నారదుడు, ఆకాశమున ఢీకొని నిప్పులు రాల్చు బాణములు, ఘటోత్కచుని నోటిలోనికి వాటంతటవే ఎగిరిపోవు లడ్డూలు: ఇవన్నియు హార్మోనియం, తబలా వినిపించుచుండగా, తెరవెనుక ఇంటివారి చేతులతోనే నడచును. ట్రిక్కు సీనులు బాలురకొరకని ఈసడించు పండితులు లేకపోలేదు. కాని తీగెలాగు మనిషి అరక్షణము తప్పినచో పద్యము పాడు నటుడు ఆకాశమున చిక్కుపడునను సంగతి వారు తలపోసినట్లు కనబడదు. ఈ లయను కాపాడుటయే బాబ్జీ దర్శకత్వమునకు ప్రాణము.

కారంత్ సహవాసము

ఇంతటి సంప్రదాయవాది పరభాషా దర్శకునకు తన రంగమును అప్పగించుట అతని జీవితమున మిక్కిలి విశేషమైన ఘట్టము. దక్షిణ కన్నడమున జన్మించి, బాల్యమున ఇల్లువదలి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరి, కాశిలో హిందీయు హిందూస్థానీ సంగీతమును అభ్యసించి, ఢిల్లీ జాతీయ నాటక విద్యాలయమునకు సంచాలకుడై, మైసూరున రంగాయణమును తీర్చిదిద్దిన బి.వి.కారంత్ 1990ల నడుమ సురభివారితో శిక్షణశిబిరము నడిపి, ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ అను మూడు నాటకములను వారిచే ఆడించెను. కంపెనీ నాటకపు అన్నమును తిని పెరిగినవాడగుటచే కారంత్‌కు సురభి పరాయిది కాలేదు.

మూడింటిలో కడపటిది జర్మన్ నాటకకర్త బ్రెఖ్ట్ రచనకు అనుసరణము. భూలోకమున ఒక్క మంచి మనిషియైన కలదేమోయని వెదకుచు దేవతలు దిగివచ్చి, ఒక వేశ్యయందు ఆ మంచితనమును కనుగొందురు. ఆమెయో ఆ మంచితనముచేతనే నాశనమగుచు, ప్రాణరక్షణకై కఠినాత్ముడైన జ్ఞాతి వేషము వేయవలసివచ్చును. చీనాదేశపు నగరమున నడచిన కథ తెలంగాణపు బస్తీకి వచ్చి, నాయిక యాదమ్మ యయ్యెను. ప్రేక్షకుడు మాయలో మునుగరాదనునది బ్రెఖ్ట్ సిద్ధాంతము, ముంచివేయుటయే సురభి విద్య. అయినను, ప్రతిరాత్రి దేవతలను మేఘములనుండి దించు నటులకు ఆ కథ సులువుగానే పట్టుబడి యుండునని నా ఊహ.

ఇటీవలి ప్రదర్శనలు

2013లో మండలి ఫ్రాన్సు దేశమందలి మెట్జ్ నగరమున జరిగిన నాటకోత్సవమునకు వెడలెను. తెలుగెరుగని ప్రేక్షకుల యెదుట సామగ్రి నంతయు నిలబెట్టి పద్యనాటకము ఆడుట సామాన్యకార్యము కాదు. బాబ్జీ అనంతరము కూడ మండలి ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’ వంటి పాతనాటకములనే ప్రధానముగా ఆడుచున్నది. యువకులలో కొందరు పగలు ఇతరవృత్తులు చేసికొని సాయంకాలము వేషము వేయుచున్నారు. పిల్లలు మాత్రము పూర్వమువలెనే, తెరప్రక్కన కూర్చుండి పెద్దల పద్యములు వినుచు, బాలకృష్ణుని వేషముతో రంగప్రవేశము చేయుచున్నారు.