మొండి దిగులుకు మందు

మామిడిపల్లిలోనేమి, హైదరాబాదులోనేమి, "ఎర్రగడ్డకు పంపవలెను" అనుట ఎగతాళి మాటయైనది. కాని ఆ చోటికొక చరిత్ర కలదు. నిజాం కాలమున జాల్నాలో నడచిన మానసిక చికిత్సాలయము 1953లో అచ్చటికి తరలివచ్చినది. అప్పటికి దిగులు జబ్బుకు సరియైన మందు లేదు. 1938లో రోములో చెర్లెట్టి, బీని ప్రారంభించిన విద్యుత్ చికిత్సయే ముఖ్యాధారము. స్విట్జర్లాండు వైద్యుడు కూన్ 1957లో ఇమిప్రమిన్ గుణమును ప్రకటించిన పిమ్మట మందుల యుగము ఆరంభమైనది.

రెండు మందులను తగిన మోతాదులో, తగినంత కాలము వాడినను తగ్గని దిగులును నేడు మొండిదందురు. దానికిని దారులు కలవు: మందు మార్చుట, లిథియము జోడించుట, మత్తునిచ్చి చేయు విద్యుత్ చికిత్స.

ఉగాది పచ్చడిలో చేదును దాచము. మనస్సులోని చేదును మాత్రము దాచనేల? 14416కు ఫోను చేసినచో టెలి మానస్ సలహా ఉచితముగా లభించును.